మోటారువాహన విద్యాపట్టము: వ్యయము, ఆర్జన (అమెరికా కమ్యూనిటీ కళాశాలలు)

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మోటారువాహనముల మరమ్మతు విద్యను నేర్పు సంస్థలలో కమ్యూనిటీ కళాశాలలు ముఖ్యమైనవి. ప్రజల పన్నులతో నడచు ఈ కళాశాలలలో ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు, సస్పెన్షను, విద్యుత్పరికరములు మున్నగు విభాగములను రెండేండ్లు అభ్యసించి, గణితము, భాష వంటి సామాన్య విషయములందును ఉత్తీర్ణుడైన విద్యార్థికి అసోసియేట్ పట్టము లభించును. ఈ పట్టమునకగు వ్యయమును, దానివలన గలుగు ఆర్జనను తూచునపుడు కళాశాల ఫీజును జీతముతో పోల్చి చూచుట చాలదు. విద్యార్థి వెచ్చించు కాలమును, పనిముట్ల ధరను, షెడ్లలో కూలి కట్టు పద్ధతిని గూడ గణించినగాని నిజమైన ఫలితము తేలదు.

చరిత్ర

1901లో ఇల్లినాయ్ రాష్ట్రమందలి జోలియట్ నగరమున వెలసిన జూనియర్ కళాశాల ఈ కోవకు చెందిన ప్రభుత్వ విద్యాలయములలో మొదటిది. ట్రూమన్ అధ్యక్షుడు నియమించిన ఉన్నత విద్యా సంఘము 1947లో తన నివేదికయందు ఇట్టి కళాశాలలు దేశమంతట విస్తరిల్లవలెనని సూచించెను. 1979లో జనరల్ మోటార్స్ సంస్థ మిచిగన్‌లోని డెల్టా కళాశాలతో కలిసి, కొన్ని వారములు తరగతి చదువు, కొన్ని వారములు డీలరు షెడ్డులో జీతముతో పని అను క్రమమున శిక్షణను ఆరంభించెను. ఫోర్డు, టొయోటా సంస్థలు తదనంతరము ఇట్టి మార్గమునే అనుసరించినవి.

వ్యయము

ఫీజు రాష్ట్రమునుబట్టి మారును. కాలిఫోర్నియాలో స్థానిక నివాసికి ఒక్కొక్క యూనిట్టునకు 46 డాలర్లు. పట్టమునకు వలయు 60 యూనిట్లకు 2,760 డాలర్లగును. పేద విద్యార్థులకు అందులోను మినహాయింపు కలదు. టెనెసీ రాష్ట్రము 2015 నుండి హైస్కూలు ముగించినవారికి, ఇతర సహాయములు పోగా మిగిలిన ఫీజును తానే భరించుచున్నది. అన్యరాష్ట్రీయులును, విదేశీయులును మాత్రము స్థానికులకంటె చాల హెచ్చు ఫీజు చెల్లింపవలెను. విదేశీ విద్యార్థులకు పని గంటలపై వీసా నిబంధనలు గూడ నుండుటచే, తెలుగునాటినుండి అచటికి పోదలచువారికి ఈ లెక్క స్థానికుల లెక్కవలె కుదరదు.

పనిముట్ల వ్యయము వేరు. కారునెత్తు లిఫ్టు వంటి పెద్ద యంత్రములు షెడ్డువారివి. పానాలు, సాకెట్లు, టార్కు రెంచి, వానినుంచు పెట్టె మెకానిక్కు సొంతమునకు కొనుక్కొనవలసినవి. వీనిని అమ్ము వర్తకులు ట్రక్కులలో వారమువారము షెడ్డు వాకిటికే వచ్చి, అరువుపై సరుకిచ్చి, వారపు వాయిదాలు వసూలు చేయుదురు. అనుభవములేని యువకుడు మొదటి జీతము చేతికి రాకమునుపే వేలాది డాలర్ల బాకీలో చిక్కుకొనుట ఈ వృత్తియందు కలదు. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారము కనీస వేతనమునకు రెట్టింపు పొందువారినే సొంత పనిముట్లు తెచ్చుకొమ్మని యజమాని నిర్బంధింపవచ్చును. ఉద్యోగులు ఇట్టి ఖర్చును కేంద్ర ఆదాయపు పన్నులో తగ్గించుకొను సౌకర్యము 2018 నుండి తొలగినది.

ఆర్జన

అమెరికా కార్మిక గణాంక శాఖ లెక్కలనుబట్టి 2023 మేలో మోటారు మెకానిక్కుల మధ్యస్థ వార్షిక వేతనము 47,770 డాలర్లు. సకల వృత్తుల మధ్యస్థ వేతనమైన 48,060 డాలర్లకు ఇది ఇంచుమించు సమానము. అయితే అనేక షెడ్లలో కూలి గడియారమునుబట్టి గాక ఫ్లాట్ రేటునుబట్టి ముట్టును. అనగా, మరమ్మతులకు కాలమును నిర్ణయించు పుస్తకములో ఒక మరమ్మతునకు మూడు గంటలని యున్నచో, రెండు గంటలలో ముగించిన నేర్పరికిని మూడు గంటల కూలియే, అయిదు గంటలు శ్రమించిన కొత్తవానికిని మూడు గంటల కూలియే. కనుక పట్టము చేతబట్టి వచ్చినవాడును చేతివేగము కుదురువరకు స్వల్పార్జనకు ఓర్చుకొనక తప్పదు.

పట్టమునకు మరియొక ప్రయోజనము గూడ కలదు. 1972లో స్థాపితమైన ఏఎస్ఈ అను జాతీయ సంస్థ మెకానిక్కులకిచ్చు యోగ్యతాపత్రములకు పరీక్షతోపాటు రెండేండ్ల పని అనుభవము వలయును. అందొక యేడాదికి బదులుగా రెండేండ్ల చదువును అంగీకరింతురు. కార్లకు సంబంధించిన ఎనిమిది ప్రధాన విభాగములందును నెగ్గినవాడు మాస్టర్ హోదా పొందును.

తూకము

ఒక ఉదాహరణము. కాలిఫోర్నియాలో 2024 నాటి కనీస వేతనము గంటకు 16 డాలర్లు. ఏటికి 2,080 గంటలు పనిచేయువాడు 33,280 డాలర్లు గడించును. అతడు చదువుకొరకై రెండేండ్లు సగము కాలమే పనిచేసినచో అంత సొమ్మును కోల్పోవును. ఫీజు కలుపగా మొత్తము 36,040 డాలర్లు. అందు ఫీజు పదమూడింట నొకవంతు మాత్రమే. పట్టమువలన గంట కూలి 4 డాలర్లు హెచ్చినచో ఏటికి 8,320 డాలర్లు అదనముగా వచ్చి నాలుగేండ్ల నాలుగు నెలలలో పెట్టుబడి తీరును. 2 డాలర్లే హెచ్చినచో దానికి రెట్టింపు కాలము పట్టును. పట్టమున్నవాడును లేనివాడును పనిముట్లు కొనవలసినదే గనుక వాని ధరను ఇందు చేర్చలేదు.

దీనినిబట్టి విద్యార్థికి అన్నిటికంటె విలువైన పెట్టుబడి కాలమే యని స్పష్టమగుచున్నది. కావున కళాశాలను ఎన్నుకొనువాడు ఫీజుకంటె ముందుగా, చదువుకాలమున జీతముతో పని దొరకునా, చదువు ముగిసినపిదప తొలియేండ్లలో గంటకూలి నిచ్చు షెడ్డులో చేరు వీలున్నదా యని విచారింపవలెను. ఈ రెండును కుదిరినచోట పట్టము లాభదాయకము; కుదరనిచోట ఫీజు పూర్తిగా మాఫీయైనను విద్యార్థి నష్టపోవచ్చును.