పొలం నుంచి పటాలానికి

1980లలో మన బడిలో చదివిన వాళ్ళకి 'మిలటరీ తాత' గుర్తుండే ఉంటారు. ఖాకీ నిక్కరు వేసుకుని, భుజాన పార పెట్టుకుని, మనం బడికి వెళ్ళే వేళకి సరిగ్గా ఆయన పొలానికి బయల్దేరేవారు. వెనక నడుస్తూ "లెఫ్ట్, రైట్" అని ఎగతాళి చేసిన పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఈ వ్యాసం కొంత ఆ తప్పు దిద్దుకోవడానికే.

ఒక ఏడు ఆగస్టు 12న మాస్టారు మమ్మల్ని తెనాలి రణరంగ చౌక్‌కి తీసుకెళ్ళారు. 1942లో క్విట్ ఇండియా పిలుపు వచ్చిన నాలుగు రోజులకే తెనాలిలో పోలీసు కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. వాళ్ళ స్తూపాలు అక్కడున్నాయి. ఆ రోజు తాత కూడా వచ్చి జనం వెనక నిలబడ్డారు. తిరిగి వస్తుంటే "అప్పుడు నువ్విక్కడే ఉన్నావా తాతా?" అని అడిగాను.

"లేను బాబూ, పటాలంలో ఉన్నా. ఉత్తరాల్లో ఇట్టాంటివి రానిచ్చేవాళ్ళు కాదు. సెలవు మీద ఇంటికొచ్చాక తెలిసింది" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

నాకు అప్పుడు అర్థమైంది ఒక్కటే. ఊరంతా తెల్లవాణ్ణి పొమ్మంటుంటే, ఈయన వాడి జీతం తీసుకున్నారు. అందులో ఇంకేముందో తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ముందు పొలం సంగతి చూద్దాం. 1930ల ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. తీసుకున్న అప్పు మాత్రం తగ్గలేదు. పరిస్థితి ఎంత ముదిరిందంటే, 1938లో రాజాజీ ప్రభుత్వం రైతుల రుణభారం తగ్గించడానికి ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. రెండెకరాల మీద నలుగురు అన్నదమ్ములున్న ఇంట్లో, నెలనెలా వచ్చే మనియార్డరు అంటే ఏమిటో ఊహించుకోవచ్చు. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు. అయినా 1939లో సుమారు 2 లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలు దాటింది. వాళ్ళలో ఎక్కువమంది రైతుబిడ్డలే.

తెలుగువాడికి సైన్యం కొత్త కాదు. కంపెనీ తొలి సిపాయిలలో మనవాళ్ళు ఎంతగా ఉండేవారంటే, ఉత్తరాదిన సిపాయి అన్న మాటకే 'తిలంగా' అనేవారు. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ రాతల్లోనూ ఆ మాట కనిపిస్తుంది. తరవాత రాబర్ట్స్ దొర లాంటి సేనానులు 'యుద్ధజాతులు' అనే సిద్ధాంతం తెచ్చి, దక్షిణాదివాళ్ళు పోరాటానికి పనికిరారని తేల్చారు. 1920లు ముగిసేలోపు మద్రాసు పదాతి దళాలను రద్దు చేశారు. మద్రాసు సాపర్లు, అంటే వంతెనలు, దారులు వేసే ఇంజనీరు దళం మాత్రం మిగిలింది. రెండో యుద్ధం మీద పడ్డాక మద్రాసు రెజిమెంటును మళ్ళీ నిలబెట్టారు. పనికిరారన్న వాళ్ళనే పిలిచారు.

1942 మార్చిలో రంగూన్ జపాను వశమైంది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది. బర్మాను తిరిగి పట్టుకునే పోరులో, 1944 డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ నది మీద 1,154 అడుగుల బెయిలీ వంతెన వేశారు. అప్పటికి ప్రపంచంలో అదే అతి పొడవైన బెయిలీ వంతెన. ఇంజనీరునయ్యాక దాని గురించి చదువుతుంటే, తాత ఒకసారి అన్న "మేం బర్మాలో వంతెనలు కట్టాం బాబూ" అన్న మాట గుర్తొచ్చింది. ఏ నది మీద, ఎలా కట్టారని అడగాల్సింది. అడిగే చదువు వచ్చేసరికి ఆయన లేరు.

యుద్ధం అయిపోగానే లక్షలమందిని ఇళ్ళకి పంపేశారు. పింఛను రావాలంటే కావలసినన్ని ఏళ్ళ సర్వీసు వాళ్ళకి లేదు. 1972 ఆగస్టు 15న స్వాతంత్ర్య సమరయోధులకు కేంద్రం పింఛను ప్రకటించింది. అది న్యాయం. తాత ఆ లెక్కలోకీ రారు. ఆయన వచ్చి వరి నాటారు, వరి కోతకొచ్చే ముందు మినుము చల్లారు, పిల్లల్ని చదివించారు. ఊళ్ళో ఆయనకి దక్కిన గౌరవమల్లా ఆ పేరులోని 'మిలటరీ' అన్న మాటే.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. జనం దాన్ని 'మిలటరీ మాధవరం' అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి 1,110 మంది తమ ఊరినుంచి వెళ్ళారని వాళ్ళు చెప్పుకుంటారు. ఊళ్ళో స్మారకం కట్టుకున్నారు. ఇప్పటికీ సైన్యంలో చేరుతున్నారు. వాళ్ళకీ మనకీ తేడా ధైర్యంలో కాదు, లెక్క రాసి పెట్టుకోవడంలో ఉంది.

రణరంగ చౌక్‌లోని ఏడుగురి త్యాగానికి ఏదీ సాటి రాదు. వాళ్ళ పక్కన తాతను నిలబెట్టమని నేను అడగడం లేదు. ఒకే ఏడు, ఒకే నేల మీద, ఒకరు తెల్లవాడి తూటాకి ఎదురెళ్ళారు, ఇంకొకరు అప్పు తీర్చడానికి వాడి తుపాకీ పట్టారు. ఈ రెండూ తెలిస్తేనే మన ఊరి చరిత్ర మనకి తెలిసినట్టు. ఒకటి రాయిమీద ఉంది. రెండోది ఇంకా కొందరు పెద్దల నోట మాత్రమే ఉంది.

అందుకే పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక మనవి. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో అంగలకుదురు, చుట్టుపక్కల ఊళ్ళనుంచి యుద్ధానికి వెళ్ళిన రైతుల పేర్లు ఒక పుస్తకంలో రాద్దాం. ఇంట్లో పాత పతకమో, డిశ్చార్జి కాగితమో, యూనిఫాం ఫోటోనో ఉంటే ఫోటో తీసి పంపండి. తిరిగి రాని వాళ్ళ కోసం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలు చూడవచ్చు. అందులో చాలామందికి తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. రంగూన్ దగ్గర టౌక్యాన్ స్మారక స్తంభాల మీద సమాధి లేని సుమారు 27,000 మంది పేర్లు చెక్కారు. గుంటూరు జిల్లా అని వెదికితే మనవాళ్ళు కనిపించవచ్చు.

ఆ పుస్తకం మొదటి పేజీలో మిలటరీ తాత అసలు పేరు రాయాలని నా కోరిక. ఇన్నేళ్ళూ ఆయన్ని మనం ఆ పేరుతో పిలవనేలేదు.