ఎరువు

మా అవ్వ మాటల్లో ‘ఎరువు బండి’కి రెండు అర్థాలు. దిబ్బ తవ్వి చేనికి పేడ తోలే బండి ఒకటి. మనకు లేక పక్కింటివాళ్లను అడిగి తెచ్చుకున్న బండి ఇంకొకటి. ఎండాకాలం చెరువు ఎండితే మా నాయన రెండో రకం ఎరువు బండి కట్టి మొదటి రకం ఎరువు తోలేవాడు. అది చెరువు అడుగున పేరుకున్న నల్లటి ఒండ్రు. రెండు వేలకు పైగా చెరువులున్న కోలారు జిల్లాలో ఆ మన్ను తోలకుండా రాగి మడి వేసేవాళ్లు కారు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అనే సామెతలో ఉన్నది రెండో ఎరువు. పట్నాల్లో ఇప్పుడు దాని చోట ‘అరువు’ వినిపిస్తుంది.

ఈ మాట పుట్టుక తెలియాలంటే మా జిల్లాలో బస్సెక్కితే చాలు. కె.జి.ఎఫ్. బంగారు గని కార్మికుల లైన్లలో తమిళులు పేడనూ ఎరువునూ ‘ఎరు’ అంటారు. అడిగి తెచ్చుకున్నది వాళ్లకు ‘ఇరవల్’. ‘ఇర’ అంటే యాచించడం. బంగారుపేట కన్నడంలో ఆ తెచ్చుకున్నది ‘ఎరవలు’, చేనికి వేసేది ‘గొబ్బర’. అంటే పక్క భాషలు రెండింటినీ కలవనివ్వలేదు. తెలుగులోనూ అరువుకు ‘ఎరవు’ అనే రూపం ఉంది. తర్వాతి అకారం ప్రభావంతో మొదటి ఇకారం ఎకారమవడం ద్రావిడ భాషల్లో తెలిసిన మార్పే. ఈ ఇ-ఎల సంగతి మీద భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1958లో వ్యాసం రాశారు. ‘ఎరవు’ నడిమి అచ్చు చివరి ఉకారాన్ని అనుసరించేసరికి ‘ఎరువు’ అయి, పేడ ఎరువుతో కలిసిపోయింది. వేర్లు రెండు. కాబట్టి అర్థాలను ముడిపెట్టకూడదని భాషాశాస్త్రం చెబుతుంది. అది నిజమే. కానీ పాలారు వెంట సముద్రం దాకా పోతే ఆ ముడి విప్పడానికి నాకు మనసు రాదు.

పాలారు నంది కొండల వైపు పుట్టి, గని ఊరికి తాగునీరిచ్చిన బేతమంగళం చెరువు దాటి, ఆంధ్రలో కొద్ది దూరం నడిచి, తమిళనాట కల్పాక్కం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మొత్తం 348 కిలోమీటర్లు. ఏడాదిలో ఎక్కువ నాళ్లు ఇసుకే. పారిన నాలుగు రోజుల్లో మాత్రం నీళ్లలో కరిగిన నైట్రేటు, సిలికా, బంకమన్నును అంటిపెట్టుకున్న ఫాస్ఫేటు దిగువకు పోతాయి.

సముద్రపు నీళ్లలో కంటికి ఆనని మొక్కలున్నాయి, ప్లవకాలంటారు. చేపల తిండి అక్కడే మొదలు. చేనికి రసాయన శాస్త్రవేత్త లీబిగ్ చెప్పిన న్యాయమే వాటికీ వర్తిస్తుంది: అన్నీ ఉన్నా ఒకటి కరువైతే పెరుగుదల అక్కడే ఆగుతుంది. ఒక పాలు భాస్వరానికి 16 పాళ్ల నత్రజని కావాలన్న లెక్కకు మూలం 1934లో సముద్ర శాస్త్రవేత్త రెడ్‌ఫీల్డ్ చేసిన పని. సముద్రంలో చాలాచోట్ల ముందు అయిపోయేది నత్రజని. పైగా బంగాళాఖాతంలో నదుల నీళ్లు, వాన నీళ్లు తేలికై పైన మూతలా పరుచుకుంటాయి, లోతుల్లోని సత్తువ సులభంగా పైకి రాదు. అందుకే తీరం ఏటి వైపు చెయ్యి చాస్తుంది. ‘ఇర’ అనే ధాతువు నాకు గుర్తొచ్చేది అక్కడే. చెయ్యి చాచని జీవులూ లేకపోలేదు: 2007 మార్చిలో కల్పాక్కం తీరాన విరివిగా పెరిగిన ట్రైకోడెస్మియం గాలి నుంచే నత్రజని పట్టుకుంటుంది.

ఏరు అడిగినదానికన్నా ఎక్కువ తెస్తే? యూరియా చేల నుంచి, పట్నాల మురుగు నుంచి నత్రజని పొంగి వస్తే, నిన్నటిదాకా నత్రజని చాలని నీళ్లలో భాస్వరం చాలకుండా పోతుంది. ఆనకట్టల వెనుక సిలికా అడుగున దిగిపోతే, గాజు గుల్లలు కట్టుకునే డయాటమ్‌లకు కరువు వస్తుంది, వాటి చోటు వేరే రకాలు ఆక్రమిస్తాయి. పెరిగినదంతా చచ్చి కుళ్లే చోట అడుగు నీళ్లలో ప్రాణవాయువు తరిగిపోతుంది. మిసిసిపీ ముఖద్వారం దగ్గర ప్రతి వేసవిలో జరిగేది ఇదే.

మా జిల్లాకు ఈ సంగతి దూరం కాదు. 2018 జూన్ నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి కె.సి. వ్యాలీ పథకం గొట్టాల్లో మా చెరువులకు పంపుతున్నారు. మొదట నిండింది లక్ష్మీసాగరం. రోజుకు 44 కోట్ల లీటర్లన్నది లక్ష్యం. బోర్లలో నీరు లేచింది, ఆ సంతోషం నాదీ. కానీ రెండో దశతో ఆగే శుద్ధిలో నత్రజని, భాస్వరం చాలావరకు నీళ్లలోనే మిగులుతాయి. మూడో దశ కావాలని రైతులు అడగడం న్యాయం. కావేరి నీళ్లు, ఎక్కడెక్కడి పొలాల పంటో పట్నం గుండా మా చెరువుల్లోకి చేరుతున్నాయి. దాన్ని ఎరువనాలో, ఎరవనాలో!

2021 నవంబరు వానలకు పాలారు పొంగింది. మా నాయన చెరువు కట్ట మీద నిలబడి మరవ మీదుగా దూకే ఎర్రనీళ్లను చాలాసేపు చూశాడు. “మన ఎరువంతా పోతా ఉందిరా, సముద్రానికి” అన్నాడు. ఏ ఎరువు అని నేను అడగలేదు.