ఇసుర్రాయి నుంచి కాఫీ మర దాకా

కడప జిల్లాలో రాయి లేని ఇల్లు ఉండేది కాదు. జొన్నలూ రాగులూ విసరడానికి ఇసుర్రాయి, కారం దంచడానికి రోలు, పచ్చడి నూరడానికి సన్నికల్లు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దిక్కున కాళ్ల కింద పరిచిందీ నాపరాయే. ఇంతటి రాతిసీమలో కాఫీ గింజ ఒక్కటే రాతికి దక్కకుండా ఇనుప మరను వెంటబెట్టుకొని వచ్చింది. కారణం చిన్నదే. రోలు వాసన మరిచిపోదు. వేయించిన కాఫీ గింజ పక్కవాసనను ఇట్టే పీల్చుకుంటుంది. నిన్న ఎండుమిరపకాయలు దంచిన రోట్లో ఈరోజు కాఫీ దంచితే ఆ డికాక్షన్ ఎట్లుంటుందో చెప్పనక్కర లేదు.

నిజానికి అరబ్బుల ఇళ్లలో కాఫీని రోట్లోనే దంచేవారు. టర్కీలో ఇత్తడి చేతిమర అలవాటైంది. ఫ్రాన్సులో ప్యూజో కుటుంబం కార్లకు ఎంతో ముందే, 1840లో, కాఫీ మర తయారు చేసింది. లండన్ స్పాంగ్ కంపెనీ వాళ్లు బల్ల అంచుకు బిగించే పోత ఇనుప మరలు చేశారు. పైన గిన్నెలో గింజలు పోసి, పిడి పట్టుకొని తిప్పితే కింద పొడి రాలుతుంది. లోపల ఉన్నది మన ఇసుర్రాయి సూత్రమే. ఒకటి కదలదు, ఒకటి తిరుగుతుంది, మధ్యలో పడ్డ గింజ అంచుకు వచ్చేసరికి పిండి అవుతుంది. రెంటి మధ్య సందు ఎంతో, పొడి బరక అంత. జొన్నపిండి సన్నమో బరకో చేతితో తడిమి చెప్పగలిగిన మన ఆడవాళ్లకు కాఫీ మర కొత్త వస్తువే గానీ కొత్త విద్య కాదని నా నమ్మకం.

గింజ మాత్రం కన్నడదేశం నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని ప్రతీతి. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు దొరలు మైసూరు, కొడగు కొండల్లో పెద్ద తోటలు వేశారు. కడప అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మద్రాసు నుంచి బయల్దేరిన రైలుదారి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి దారితో కలిసింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మాత్రం ఆ దారికి ఎడంగానే ఉండిపోయాయి. మొదటి రెంటికీ సొంత స్టేషన్లు రావడానికి ఎర్రగుంట్ల–నంద్యాల లైను కావలసివచ్చింది. అది పూర్తయి రైళ్లు నడిచింది 2016లో. పత్తి, బంగారం వ్యాపారంతో మద్రాసు, బొంబాయిలతో రాకపోకలున్న ప్రొద్దుటూరుకు కాఫీ రుచి ముందు అంటిందనీ, పులివెందుల పల్లెల్లో పొద్దున్నే సంగటి తిని చేనికి పోయే ఇళ్లకు ఆలస్యంగా చేరిందనీ అనుకోవడం నాకు సబబుగా తోస్తుంది.

ఆ రోజుల్లో కాఫీ చేయడమంటే సగం పూట పని. పచ్చిగింజలు కొని, పొయ్యి మీద ఇనుప పెనంలో కదుపుతూ వేయించాలి. పండుకు రెండు గింజలకు బదులు ఒక్కటే గుండ్రంగా ఉండే పీబెర్రీ అయితే పెనంలో దొర్లుతూ అన్ని పక్కలా ఒకేలా వేగుతుంది. దానికి అంత గిరాకీ ఉండటానికి అదీ ఒక కారణం. చల్లారినాక మరలో వేసి ఆ పూటకు సరిపోయేంత తిప్పడం. ఫిల్టరుకు పొడి ఎంత మెత్తగా ఉండాలో తెలిసి ఉండాలి. మరీ మెత్తనైతే రంధ్రాలు పూడుకొని డికాక్షన్ దిగదు. బరకైతే నీళ్లు జారిపోయి పలచన అవుతుంది.

తర్వాత ఆ తిప్పే చేయి ఇల్లు దాటింది. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ మార్కెట్ మూతపడితే తోటలను కాపాడటానికి 1942లో కాఫీ చట్టం వచ్చింది. పంట కాఫీ బోర్డు చేతిలోకి పోయింది. ఆ పట్టు పూర్తిగా సడలింది 1996లో. ఈలోగా బజారులో కరెంటు మర పెట్టుకున్న కాఫీ పొడి అంగళ్లు వెలిశాయి. గింజలు కళ్లముందే వేయించి, ఆడించి, వెచ్చని పొట్లం కట్టి ఇచ్చేవారు. ఆ వీధిలో నడిస్తే అంగడి ఎక్కడుందో అడగనక్కర లేదు.

చికోరీ కూడా అక్కడే కలిసింది. అది కాఫీ కాదు, వేయించిన వేరు. నెపోలియన్ నాటి కాఫీ కరువులో ఫ్రాన్సు నేర్చుకున్న ఉపాయం. రంగూ చిక్కదనమూ ఇస్తుంది, పరిమళం ఇవ్వదు. మిశ్రమంలో కనీసం 51 శాతం కాఫీ ఉండాలనీ, చికోరీ ఎంతో పొట్లం మీద రాయాలనీ చట్టం. మిగిలిన 49 శాతానికి కాఫీ ధర ఇస్తున్నామా అని కొనేవాళ్లు అడగాలి.

1960ల్లో సుమీత్ మిక్సీ వచ్చింది. 1968లో బ్రూ ఇన్‌స్టంట్ కాఫీ వచ్చింది. ఒకటి గింజను విసరక ముక్కలుగా కోసింది, ధూళీ పలుకూ కలిపింది. రెండోది మరనే అనవసరం చేసింది. 1994లో పుట్టిన సీసీఎల్ కంపెనీ గుంటూరు సీమలోని దుగ్గిరాల నుంచి ఇన్‌స్టంట్ కాఫీని దేశదేశాలకు పంపుతోంది. అది గొప్ప విషయమే. అయినా ఫిల్టరు కాఫీకి అది బదులు కాదు.

2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన రాష్ట్రపు కొండల్లోనే గిరిజన రైతులు పండించిన గింజ మన చేతికి అందుతోంది. చేతిమరలు కూడా మళ్లీ దొరుకుతున్నాయి. మన సీమ ఎండలు తెలిసినవే. వేసవి వేడికి ఆడించిన పొడి వారం తిరక్కముందే వాసన కోల్పోతుంది, గింజగా ఉంటే మరికొన్నాళ్లు నిలుస్తుంది. మర కొనలేకపోతే అంగడికి పోయి అరకిలో కాకుండా వంద గ్రాములే అడగండి. మీ ఎదుటే ఆడించమనండి.