చంద్రుడి దాకా గోనె బస్తాలు

బడిలో మధ్యాహ్న భోజనం తిన్నారా మీరు? ఆ పళ్లెం వెనకాల ఒక న్యూస్‌పేపర్ ఆర్టికల్ కూడా ఉంది.

2001. రాజస్థాన్‌లో వరస కరువు. ఊళ్లలో తిండి లేదు. కానీ ఎఫ్‌సీఐ గోదాముల్లో బియ్యం, గోధుమలు 4 కోట్ల టన్నులకు పైగా మూలుగుతున్నాయి!

ఆ ఫిబ్రవరిలో ఆర్థికవేత్త జీన్ డ్రెజ్ ‘ది హిందూ’లో దీని గురించే రాశారు. బెల్జియంలో పుట్టి, మన దేశంలో స్థిరపడిన మనిషి. ఆయన వేసిన ఒక లెక్క బాగా ఫేమస్: ఆ బస్తాలన్నీ వరసగా పేరిస్తే 10 లక్షల కిలోమీటర్లు. చంద్రుడి దాకా వెళ్లి తిరిగొచ్చినా ఇంకా మిగులుతాయి.

మరి జనానికి ఎందుకు అందలేదు? ప్రభుత్వం మద్దతు ధర పెంచుకుంటూ పోయి ధాన్యం కొన్నది. 2000లో రేషన్ ధరలూ పెంచింది. పేదోడి చేతిలో డబ్బుల్లేవు, కొనలేకపోయాడు. సరుకు గోదాముల్లోనే ఉండిపోయింది. అంటే లోపం పంటలో కాదు, పాలసీలో ఉంది.

ఏప్రిల్‌లో పీయూసీఎల్ అనే పౌర హక్కుల సంఘం సుప్రీంకోర్టుకెళ్లింది. నవంబర్ 28న కోర్టు ఆర్డర్ వేసింది: ప్రతి ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రైమరీ స్కూల్లో వండిన భోజనం పెట్టాలి, కనీసం 300 కేలరీలు ఉండాలి. అప్పటిదాకా చాలా రాష్ట్రాలు పిల్లలకి నెలకు 3 కిలోల గింజలిచ్చి చేతులు దులుపుకునేవి. తమిళనాడు మాత్రం 1982 నుంచే ఊరూరా వండి పెడుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైంది.

ఒక్క ఆర్టికల్‌తోనే ఇదంతా జరగలేదు. కేసు వేసినవాళ్లు, రోడ్డెక్కినవాళ్లు సాధించారు. కానీ ‘సరుకు లేదు’ అనే సాకు మాత్రం ఆ లెక్క ముందు నిలబడలేదు. ఈసారి ఏ పథకానికైనా ‘లేదు’ అన్న మాట వింటే మీరూ అడగండి: నిజంగా లేదా, ఉండి పంచట్లేదా?