పేరు లేని పత్రం, పేరు లేని స్త్రీ

మనుషులు సెల్‌ఫోన్‌ను ఎలా వాడుతున్నారు, అది వాళ్ళకి అనువుగా ఎలా ఉండాలి అన్న విషయాల మీద ఏటా ఒక అంతర్జాతీయ సదస్సు జరుగుతుంది. దాని పేరు మొబైల్ హెచ్‌సీఐ. ఇటీవలి కాలంలో దానికి పరిశోధనా పత్రం పంపేవాళ్ళకి మొదట్లోనే ఎదురయ్యే నిబంధన ఒకటుంది. పత్రం మీద రచయిత పేరు ఉండకూడదు. పనిచేసే విశ్వవిద్యాలయం పేరు ఉండకూడదు. ధన్యవాదాలు చెప్పుకునే నాలుగు వాక్యాలూ తీసెయ్యాలి. మన పాత వ్యాసాన్ని మనమే ప్రస్తావించాల్సి వస్తే ఎవరో మూడో మనిషి రాసినట్టు ప్రస్తావించాలి. చదివి తీర్పు చెప్పే సమీక్షకులకు అది ఎవరి రాతో తెలియకూడదు.

పేరు దాచుకుని రాయడం స్త్రీలకు కొత్త సంగతేమీ కాదు. బ్రాంటీ అక్కచెల్లెళ్ళు 1846లో తమ కవితల్ని ఆడో మగో తేలని పేర్లతో అచ్చు వేయించుకున్నారు. మేరీ ఆన్ ఎవాన్స్ జార్జ్ ఎలియట్ అయింది. మన దగ్గర స్త్రీల నవలలు వారపత్రికల్ని ఏలిన రోజుల్లో కొందరు మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. పేరు చూసి రాతకి విలువ కట్టే లోకంలో పేరు దాచడం ఒకరికి ఎత్తుగడ, మరొకరికి గత్యంతరం లేనితనం. పరిశోధనా రంగంలో అది ఇప్పుడు నియమం. సెల్‌ఫోన్ మీద జరిగిన పరిశోధనల చరిత్రను స్త్రీల వైపు నుంచి చదివితే, ఆ నియమం ఎవరి దాకా వచ్చి ఆగిపోయిందో తెలుస్తుంది.

ఎవరి జేబులో ఫోను?

మొబైల్ హెచ్‌సీఐ 1998 మే నెలలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఒక చిన్న కార్యశాలగా మొదలైంది. పామ్ పైలట్ లాంటి, అరచేతిలో ఇమిడే యంత్రాలు బజారులోకి వచ్చి అప్పటికి రెండేళ్ళు. అంత చిన్న తెర మీద సమాచారం ఎలా చూపించాలి, నడుస్తున్న మనిషి మీటలు ఎలా నొక్కగలడు, చూడకుండా చెవితో విని ఎంత పని చెయ్యవచ్చు - ఇలాంటివి ఆ తొలి సంవత్సరాల ప్రశ్నలు. 2002లో పీసా, 2003లో ఉదినె, 2004లో మళ్ళీ గ్లాస్గో, 2005లో సాల్జ్‌బర్గ్. సదస్సు ఆసియాకి వచ్చింది 2007లో, సింగపూర్‌కి. మళ్ళీ 2019లో తైపేకి. 1998 నుంచి 2024 దాకా ఒక్కసారి కూడా అది మన దేశానికి రాలేదు.

ఆ ప్రశ్నల్లో తప్పు లేదు. ఈ రోజు మన చేతిలో ఉన్న ఫోను అంతో ఇంతో వాడదగ్గట్టుగా ఉందంటే ఆ ప్రశ్నలే కారణం. కానీ వాటి అడుగున ఎవరూ రాయని ఒక ఊహ ఉంది. ఫోను ఒక మనిషిది. ఆ మనిషికి చదవడం వచ్చు. ఆ ఫోను ఎప్పుడూ ఆ మనిషి జేబులోనే ఉంటుంది. జేబు అన్నప్పుడే ఎవరి బట్టలు మనసులో ఉన్నాయో తెలిసిపోతోంది కదా!

ఈ లోపాన్ని కొంతవరకు లోపలివాళ్ళే పట్టుకున్నారు. 2003లో ఉదినె సదస్సులో యెస్పర్ కెల్డ్‌స్కోవ్, కానర్ గ్రాహం అనే ఇద్దరు పరిశోధకులు ఈ రంగంలో వచ్చిన 102 పత్రాలను వరసపెట్టి చదివి, ఏ పద్ధతిలో పని జరిగిందో లెక్క తీశారు. ఎక్కువమంది ఏదో ఒక వ్యవస్థ కట్టారు. పరీక్షించినవాళ్ళు ఎక్కువగా ప్రయోగశాలలోనే పరీక్షించారు. జనం మధ్యకు వెళ్ళి చూసినవి బహు తక్కువ. వాళ్ళు పద్ధతి గురించే మాట్లాడారు, స్త్రీల గురించి కాదు. అయినా మనకి అర్థం కావలసింది అందులోనే ఉంది. ప్రయోగశాలలోకి ఫోనుతో పాటు అత్తగారు రాదు, ఏడుస్తున్న పిల్లవాడు రాడు, ఎవరికి ఫోన్ చేశావని అడిగే భర్త రాడు.

తలుపు దగ్గర

పత్రం రాయడం ఒక ఎత్తు, దాన్ని లోపలికి రానివ్వడం ఒక ఎత్తు. సమీక్ష నిష్పక్షపాతంగా జరుగుతుందన్న నమ్మకాన్ని గట్టిగా కదిలించినవాళ్ళు ఇద్దరు స్వీడన్ స్త్రీలు, క్రిస్టీన్ వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డ్. అక్కడి వైద్య పరిశోధనా మండలి ఇచ్చే ఫెలోషిప్పులకు 1995లో 62 మంది పురుషులు, 52 మంది స్త్రీలు దరఖాస్తు చేశారు. ఎంపికైన 20 మందిలో స్త్రీలు నలుగురే. సమీక్షకులు వేసిన మార్కులు రహస్యమన్నారు. ఈ ఇద్దరూ స్వీడన్ పత్రికా స్వేచ్ఛ చట్టం కింద పోరాడి ఆ కాగితాలు బయటికి తీయించారు. పురుషుడికి వచ్చినంత ‘సామర్థ్యం’ మార్కు స్త్రీకి రావాలంటే ఆమె పని రెండున్నర రెట్లు ఉండాలని లెక్కకట్టి 1997లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు.

కంప్యూటర్ రంగంలో కూడా ఈ విషయం తేల్చి చూశారు. 2017లో ఒక సదస్సుకి వచ్చిన పత్రాలను రచయితల పేర్లు తెలిసిన సమీక్షకులకూ, తెలియని సమీక్షకులకూ కూడా ఇచ్చారు. పేరు తెలిసినవాళ్ళు పేరున్న రచయితల వైపు, పెద్ద విశ్వవిద్యాలయాల వైపు మొగ్గారు. జిల్లా కేంద్రంలోని ఒక కాలేజీ నుంచి పత్రం పంపే అధ్యాపకురాలికి ఇదేం చిన్న విషయం కాదు. పేరు లేకపోవడం ఆమెకి ఒక రక్షణ.

అయితే ఆ రక్షణకి హద్దులున్నాయి. మెదక్ జిల్లా పొదుపు సంఘం స్త్రీల మీద అధ్యయనం చేశామని రాయగానే రాసింది ఎవరో సగం తెలిసిపోతుంది. గ్లాస్గోలోనో బోస్టన్‌లోనో విద్యార్థుల మీద పరీక్ష చేసినవాళ్ళు ‘వాడకందారులు’ అని మాత్రమే రాసి ఊరుకోవచ్చు. వాళ్ళ మనుషులకి ఊరు అక్కర్లేదు. మన మనుషులు మాత్రం ఎప్పుడూ ఫలానా దేశపు, ఫలానా వర్గపు ‘ప్రత్యేక సందర్భం’. ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద సదస్సయిన సీహెచ్ఐలో 2016 నుంచి 2020 దాకా వచ్చిన పత్రాలను 2021లో కొందరు పరిశీలించారు. ఫలితాల్లో 73 శాతం పాశ్చాత్య దేశాల మనుషుల మీద ఆధారపడినవి. ప్రపంచ జనాభాలో వాళ్ళు 12 శాతం కన్నా తక్కువ. సమీక్షకులు పేరు చూడకపోయినా, ఏ ప్రశ్న అందరిదీ, ఏ ప్రశ్న కొందరిదీ అన్న తీర్పు ముందే అయిపోయి ఉంటుంది.

బస్తీ నుంచి వచ్చిన ప్రశ్న

మరి ఒక మనిషికి ఒక ఫోను అన్న ఊహను ప్రశ్నించింది ఎవరు? ఆ పత్రాల్లో ముఖ్యమైనవి కొన్ని మొబైల్ హెచ్‌సీఐలో కాక దాని ఇరుగుపొరుగు సభల్లో వచ్చాయి. 2006లో బర్క్‌లీలో, అభివృద్ధి కోసం సమాచార సాంకేతికత అన్న విషయం మీద జరిగిన సదస్సులో, ఇంద్రాణీ మేధి, ఆమె సహచరులు అక్షరాలు లేని తెర గురించి చెప్పారు. బెంగళూరు బస్తీల్లో ఇళ్ళలో పనిచేసే స్త్రీలతో కూర్చుని తయారుచేసిన బొమ్మలు, వాటికి తోడుగా మాట. మొదట కంప్యూటర్ మీద చేసిన ఈ పని తర్వాత ఫోన్ల దాకా వెళ్ళింది. చదువు రాకపోవడం స్త్రీలో ఉన్న లోపమని కాక, ఆమెను లెక్కలోకి తీసుకోకపోవడం తెరలో ఉన్న లోపమని చూడడం ఇక్కడి మలుపు.

2010లో అట్లాంటాలో జరిగిన సీహెచ్ఐలో నిత్యా సాంబశివన్, ఆమె సహచరులు బెంగళూరులోని రెండు బస్తీల అనుభవంతో ఇంకో సంగతి చెప్పారు. వాడకందారు అంటే ఒక్క మనిషి కాదు. నంబరు కలిపి చేతికిచ్చే కొడుకు, వచ్చిన మెసేజి చదివి అర్థం చెప్పే పక్కింటి పిల్ల, ఆమె తరఫున మొత్తం పని తానే చేసే మరొకరు - ఇలా మధ్యలో ఉన్న మనుషులు కూడా ఆ వాడకంలో భాగమే. మన ఇళ్ళలో అమ్మమ్మలు ఫోన్ మాట్లాడే పద్ధతి గుర్తు తెచ్చుకుంటే ఇది ఎంత మామూలు నిజమో తెలుస్తుంది. ఆ మామూలు నిజం పత్రంగా మారడానికి 1998 నుంచి పన్నెండేళ్ళు పట్టింది.

ఇది చిన్న గుంపు సంగతి కాదు. తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లో పురుషుడితో పోలిస్తే స్త్రీకి సొంత ఫోను ఉండే అవకాశం 21 శాతం తక్కువని 2010లో మొబైల్ కంపెనీల సంఘం జీఎస్ఎంఏ నివేదిక చెప్పింది. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నదని చెప్పిన స్త్రీలు 54 శాతం.

నేను ఎక్కడ నిలబడి రాస్తున్నాను?

అదే 2010 అట్లాంటా సభలో షావెన్ బార్డ్‌జెల్ స్త్రీవాద హెచ్‌సీఐ అన్న పేరుతో ఒక పత్రం సమర్పించింది. స్త్రీవాద దృక్కోణంతో చేసే రూపకల్పనకి ఉండవలసిన గుణాలు ఆరు చెప్పింది. బహుళత్వం, భాగస్వామ్యం, పక్షం వహించడం, పరిసరాల గమనింపు, శరీరం ఎరుక, తనను తాను వెల్లడించుకోవడం. ఈ చివరిది వస్తువుల రూపకల్పనకి చెప్పిన మాటే. తయారుచేసిన వస్తువు మనిషిని ఎలాంటిదని ఊహించుకుంటోందో ఆ మనిషికి కనబడేట్టు చెయ్యాలి. కానీ రచనకి అన్వయిస్తే మనకి ఎంతో దగ్గరి మాట. ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నామో చెప్పకుండా మాట్లాడే గొంతు అందరి గొంతుగా చలామణీ అవుతుందని స్త్రీవాదం మొదటినుంచీ అంటూనే ఉంది.

ఇక్కడ ముడి పడుతుంది. స్త్రీవాదం నీ చోటు చెప్పు అంటుంది. సమర్పణ నిబంధన నీ చోటు దాచు అంటుంది. దళిత స్త్రీల ఫోను వాడకం మీద రాసే దళిత స్త్రీకి తన అనుభవమే తన పద్ధతి. ఆ వాక్యాన్ని సమర్పణ కోసం తీసేస్తే పత్రంలో ఎముక విరిగినట్టే. ఉంచితే ముసుగు జారినట్టే. రెండూ న్యాయమైన కోరికలే, రెండూ స్త్రీల పోరాటాల్లోంచి బలం తెచ్చుకున్నవే. ఒకదాన్ని వదులుకోమని చెప్పడం నాకు చేతకావడం లేదు.

తిరిగిరాని పేరు

అయితే రచయిత పేరు కొన్ని నెలలే దాగి ఉంటుంది. పత్రం ఆమోదం పొందగానే పేరు పైకొస్తుంది, విశ్వవిద్యాలయం పేరు వస్తుంది, తీసేసిన ధన్యవాదాలు వస్తాయి. తిరిగిరాని పేరు ఒకటుంది. పరిశోధకురాలితో గంటసేపు కూర్చుని తన ఫోను గురించి, ఇంటి గురించి చెప్పిన స్త్రీ పేరు. పత్రంలో ఆమె తరచుగా ఒక అక్షరం, ఒక అంకె మాత్రమే. పీ-7, పీ-12.

2018లో నిత్యా సాంబశివన్, సహచరులు భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో 199 మంది స్త్రీలతో మాట్లాడి రాసిన పత్రం గోప్యత, భద్రతల మీద జరిగే ఒక సదస్సులో వచ్చింది. ఫోను అడిగితే ఇవ్వాలి, ఇస్తూనే తమది అనుకున్నది కొంత కాపాడుకోవాలి. యాప్‌లకు తాళం వేస్తారు, ఎంచి ఎంచి మెసేజిలు చెరిపేస్తారు, కొన్ని పనులు ఫోన్లో చెయ్యడమే మానేస్తారు. ఆ పత్రం శీర్షికలోనే ఒక స్త్రీ మాట ఉంది. గోప్యత నాకు కాదు, డబ్బున్న ఆడవాళ్ళకని. అంతమంది చదివిన ఆ మాట అన్నది ఎవరో మనకి తెలియదు. తెలియకూడదు కూడా. భర్త ఫోను తెరిచి చూసే ఇంట్లో ఆ పేరు అచ్చులో కనబడితే జరిగేది మనకి తెలుసు.

కానీ ప్రతి సందర్భమూ అదేనా? 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పేర్లతోనే మాట్లాడారు. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం అంకెలుగా మారి ఉంటే అది మన చరిత్ర అయ్యేదా? వాళ్ళు చెప్పినవాటిలోనూ బాధ ఉంది, పార్టీ మీద విమర్శ ఉంది. అయినా ఆ మాటకి వాళ్ళే కర్తలు. సెల్‌ఫోన్ పరిశోధనలో స్త్రీ రక్షణ పేరుతో ఆమె కర్తృత్వం కూడా పోతోంది. రచయితకి పేరు లేకపోవడం న్యాయం కోసం, కొంతకాలం. ఆమెకి పేరు లేకపోవడం ఎప్పటికీ.

మనం పత్రాలు పంపడం మానకూడదు. గడువు తేదీ ‘భూమ్మీద ఎక్కడైనా’ అన్న లెక్కలో ఉంటుంది. అంటే మనుషులెవరూ నివసించని బేకర్ దీవి లాంటి చోట ఆ రోజు ముగిసేదాకా. మన గడియారంలో అది మర్నాడు సాయంత్రం అయిదున్నర. పిల్లలు బడినుంచి వచ్చే వేళ, పొయ్యి వెలిగించే వేళ. ఇంగ్లీషులో రాయాలి, మన ఊరిని ప్రపంచానికి మళ్ళీ మొదటినుంచి వివరించాలి. అయినా పంపాలి. మనం పంపని ప్రశ్నలు అక్కడ ఎవరి బల్ల మీదా ఉండవు.

దాంతోపాటు రెండు చిన్న పనులు మన చేతిలో ఉన్నాయి. ఇంగ్లీషులో అచ్చయిన సంగతిని తెలుగులో నాలుగు పేజీలు రాసి, చదవలేకపోతే చదివి వినిపించి, చెప్పిన స్త్రీలకే తిరిగి ఇవ్వడం ఒకటి. ఇక రెండోది, అనుమతి పత్రం మీద సంతకమో వేలిముద్రో తీసుకునేటప్పుడు ఇంకో ప్రశ్న అడగడం. అచ్చులో మీ పేరు ఉండాలా అమ్మా, వద్దా? ఉంటే వచ్చే ప్రమాదం చెప్పి, పెద్ద సభ నిబంధన ఏమిటో చెప్పి, ఆగి వినడం. వద్దనే చాలామంది అనవచ్చు. వద్దన్నది ఆమె అయినప్పుడు పీ-7 వెనక ఒక నిర్ణయం ఉంటుంది.