హోండా ఎన్‌ఎస్‌ఎక్స్

హోండా ఎన్‌ఎస్‌ఎక్స్, జపానుకు చెందిన హోండా సంస్థ 1990 నుండి 2005 వరకు తయారు చేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఉత్తర అమెరికాలో దీనిని అక్యూరా పేరుతో అమ్మారు. అత్యధిక వేగముతో పాటు ప్రతిదినమూ నడుపుకొనుటకు అనువైన వాహనముగా ఇది ప్రసిద్ధి చెందినది.

నేపథ్యము

1980లలో ఇటువంటి కార్లు చాలావరకు రోజువారీ వాడకానికి ఇబ్బందికరముగా ఉండేవి. క్లచ్ బరువుగా ఉండేది, వెనుక వచ్చే వాహనాలు సరిగా కనబడేవి కావు, తరచుగా మరమ్మత్తులు అవసరమయ్యేవి. ఈ లోపాలు లేని కారును షిగెరు ఉయెహారా నాయకత్వములో ఇంజనీర్లు రూపొందించారు. 1989లో సుజుకాలో నమూనాను నడిపిన ఫార్ములా వన్ డ్రైవరు అయర్టన్ సెన్నా దాని దృఢత్వము చాలదని చెప్పగా, బాడీని మరింత గట్టిపరచారు.

నిర్మాణము

దీని బాడీ అల్యూమినియముతో చేయబడినది. మొదట వాడిన 3.0 లీటర్ల వి6 ఇంజను సీట్ల వెనుక, దాని వెనుక డిక్కీ ఉంటాయి. ఎఫ్-16 యుద్ధవిమానపు కాక్‌పిట్ స్ఫూర్తితో, డ్రైవరుకు చుట్టుప్రక్కలంతా కనబడేటట్లు క్యాబిన్‌ను తీర్చిదిద్దారు.

పరిమితులు

ఇందులో ఇద్దరికే చోటు ఉన్నది. తొలి కార్ల వెనుక టైర్లు త్వరగా అరిగిపోయేవి. అల్యూమినియము బాడీ మరమ్మత్తుకు ప్రత్యేక నైపుణ్యము కావాలి.

ప్రభావము

మెక్‌లారెన్ ఎఫ్1 రూపకర్త గోర్డన్ మర్రే, ప్రయాణ సౌఖ్యము విషయములో ఈ కారునే ప్రమాణముగా తీసుకున్నాడు. హైబ్రిడ్ ఇంజనుతో రెండవ తరము కారు 2016 నుండి 2022 వరకు తయారైనది.