తీర్థము

దేవళమున పూజారి ఉద్ధరిణెతో అరచేతఁ బోయు నీటినే నేఁడు మనము తీర్థమనుచున్నాము. కాని దాఁటుట యను నర్థముగల ‘తౄ’ ధాతువునుండి పుట్టిన యీ శబ్దమునకు మొదటి యర్థము ఏటిని దాఁటఁదగిన చోటు, అనఁగా మన రేవు. తరణము, అవతారము దీని తోఁబుట్టువులే.

ఈ మూలార్థమును దలఁచునపుడు నాకు స్ఫురించునది కాశి గాదు, అమెరికాలో ఒహాయో నదీతీరమందలి రిప్లీ యను చిన్న పట్టణము. నదికి దక్షిణమున బానిసత్వము చట్టసమ్మతమైన కెంటకీ. ఉత్తరమున 1787 నాఁటి శాసనముచే బానిసత్వము నిషిద్ధమైన ఒహాయో. పాఱివచ్చువారు ఈ నదిని బైబిలులోని యోర్దానుగా భావించిరి. జాన్ రాంకిన్ అను మతాచార్యుఁడు కొండపైఁ దన యింట రాత్రులందు దీపముంచి వారికి దారి చూపఁగా, 1845లో తన స్వాతంత్ర్యమును 1,800 డాలర్లకుఁ దానే కొనుకొన్న జాన్ పార్కర్, చీఁకటిలో పడవపై ఆవలి గట్టునకుఁ బోయి, పట్టువడినచో తన బ్రదుకే పోవునని యెఱిఁగియు, బానిసలను దాఁటించుచుండెను. 1850 నాఁటి పలాయితుల చట్టము పిమ్మట ఉత్తరపు గట్టునఁ గాలు మోపినంతనే భయము తీఱలేదు. కెనడా చేరువఱకు తఱుమువారుండిరి.

దాఁటించు మహనీయునకు జైనులు తీర్థంకరుఁడని పేరిడిరి. పార్కరునకు అట్టి బిరుదము లేదు. పగటివేళ ఇనుము పోతపోయు వృత్తి మాత్రముండెను.